వారాల అబ్బాయి, బ్రాంప్టన్ బేస్‌మెంట్

"ఆఫీస్ అవర్స్ అంటే సార్ ఆఫీసులో కూర్చుని పని చేసుకునే టైమ్ కదండీ? అప్పుడు మనం వెళ్ళి డిస్టర్బ్ చెయ్యకూడదు కదా?"

ఈ ప్రశ్న వేసిన కుర్రాడు నా కారులో పక్క సీట్లో ఉన్నాడు. అక్టోబరు నెల, చినుకులు పడుతున్నాయి. బ్రాంప్టన్‌లో ఒక ఇండియన్ గ్రాసరీ దగ్గర బస్టాపులో, పెద్ద సోనామసూరి బస్తా కాళ్ళ దగ్గర పెట్టుకుని, ఫోన్లో "తిన్నానమ్మా, ఇప్పుడే తిన్నాను" అంటూ కనపడ్డాడు. అది అబద్ధమని ఎవరికైనా తెలిసిపోయే గొంతు. ఎక్కించుకున్నాను. వినుకొండ దగ్గర పల్లెటూరు. మిర్చి వేస్తారు. మాది అద్దంకి వైపని చెప్పగానే "సార్" కాస్తా "బాబాయ్" అయిపోయింది.

ఆ ప్రశ్నకి నేను నవ్వలేదు. ఎందుకంటే ఆఫీస్ అవర్స్ అంటే సరిగ్గా దానికి తిరగబడ్డ అర్థం. ఆ గంటలో ప్రొఫెసర్ తలుపు తీసుకుని కూర్చునేది విద్యార్థి కోసమే. కానీ ఆ సంగతి ఎవరూ చెప్పరు. ఇంట్లో అమ్మో నాన్నో కాలేజీకి వెళ్ళిన వాళ్ళయితే అన్నం తింటూ ఏదో మాటల్లో చెవిన పడుతుంది. లేకపోతే రెండేళ్ళ కోర్సు అయిపోయేదాకా ఆ తలుపు ముందు నుంచి చప్పుడు కాకుండా నడిచి వెళ్ళిపోతాం.

నేనూ అలా నడిచినవాణ్ణే. 1994లో ఒంగోలులో డిగ్రీలో చేరాను. మా నాన్న పొగాకు బ్యారన్ పనికి వెళ్ళేవాడు, సంతకం మాత్రం వచ్చు. చేర్పించడానికి వచ్చినప్పుడు కాలేజీ ఆఫీసు గుమ్మం బయట చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. అక్కడ ఇంకెవరూ విడవలేదు. ఆ రోజు నాకు సిగ్గేసింది. ఇప్పుడు ఆ సిగ్గు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఫీజు బ్యాంకులో చలానా తీసి కట్టాలన్నారు. చలానా అంటే ఏమిటో మా ఇద్దరికీ తెలియదు. అడగాలంటే భయం. బ్యాంకు ముందు చెట్టు కింద మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. చివరికి బీసీ హాస్టల్లో ఉండే ఒక సీనియర్ చూసి, మూడు ముక్కల కాగితం తీసుకుని, ఏ గడిలో ఏం రాయాలో చూపించాడు. నిండా రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలు దొరక్కపోతే నేను మర్నాడు బ్యారన్ దగ్గర ఉండేవాణ్ణి. ఇది కాస్త పెంచి చెబుతున్నట్టు అనిపిస్తే, మీరు అలాంటి ఇంట్లో పుట్టలేదన్నమాట.

సరే, ఆ కుర్రాడి సంగతి. ఆఫీస్ అవర్స్ ఎందుకు అడిగాడంటే, కాలేజీ నుంచి ఒక ఈమెయిల్ వచ్చింది. అతని అసైన్‌మెంటు, రూమ్మేటు అసైన్‌మెంటు ఒకేలా ఉన్నాయట. "ఫార్మాట్ చూసుకోరా" అని రూమ్మేటు ఇచ్చిన ఫైలు ఇతను ఫార్మాట్‌తో పాటు మిగతాది కూడా చూసుకున్నాడు. తప్పే. కానీ మన దగ్గర రికార్డు పుస్తకాలు ఎలా రాశామో గుర్తు తెచ్చుకోండి. ఒకరిది చూసి క్లాసంతా రాసేవాళ్ళం, సార్ అన్నిటి మీదా సంతకం పెట్టేవారు. ఆ అలవాటుతో వచ్చినవాడికి "అకడమిక్ ఇంటెగ్రిటీ" అన్న మాట పోలీస్ స్టేషన్ నుంచి వచ్చిన కాగితంలా కనపడింది. డిపోర్ట్ చేసేస్తారనుకున్నాడు. హైదరాబాదులో తనని పంపించిన కన్సల్టెన్సీకి ఫోన్ చేస్తే, అరవై వేలు పంపు, మేం మాట్లాడతాం అన్నారట. పంపడానికి అప్పు వెతుకుతున్నాడు.

కారు పక్కకి ఆపి ఆ మెయిల్ చదివాను. ఆఖరి పేరాలో స్పష్టంగా ఉంది: ఫలానా రోజు మాట్లాడటానికి రావచ్చు, తోడుగా ఒకరిని తెచ్చుకోవచ్చు, స్టూడెంట్ యూనియన్‌లో సలహా ఇచ్చేవాళ్ళున్నారు, వాళ్ళని ఉచితంగా కలవొచ్చు. ఇమ్మిగ్రేషన్ మాటే లేదు. అతను మొదటి రెండు లైన్లు చదివి ఫోన్ మూసేశాడు. వెళ్ళాడు, జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆ అసైన్‌మెంటుకి సున్నా వేశారు, ఒక వర్క్‌షాప్‌కి హాజరు కమ్మన్నారు. అంతే. ఆ వర్క్‌షాప్‌లోనే అతనికి రైటింగ్ సెంటర్ అనేది ఒకటుందని, రాసింది పట్టుకెళ్తే ఎవరో పక్కన కూర్చుని చూసిపెడతారని, దానికి డబ్బు కట్టక్కర్లేదని తెలిసింది. మొదటి వారంలో తెలియాల్సిన సంగతి, నేరం చేశాక తెలిసింది.

"అన్నీ వెబ్‌సైట్లో ఉన్నాయి కదా, చదువుకోవచ్చు కదా" అని మా మిత్రుడొకాయన అన్నాడు. ఉన్నాయి. కానీ వెతకాలంటే దాని పేరు తెలియాలి. ఫీజు కట్టలేని పరిస్థితి వస్తే చాలా చోట్ల అత్యవసర సాయం ఉంటుంది, దాని పేరు బర్సరీ. ఆ మాట తెలియనివాడు గూగుల్లో ఏమని కొడతాడు? ఒక సబ్జెక్టు మోయలేకపోతే ఫలానా తేదీలోపు వదిలేస్తే మార్కుల పత్రంలో ఫెయిల్ పడదు. కానీ మన భాషలో డ్రాపవుట్ అంటే చదువు పాడైపోయినవాడు. అందుకని వదలడు, ఫెయిలవుతాడు. ఇంకోడు ఎవరినీ అడక్కుండా వదిలేస్తాడు, ఫుల్ టైమ్ లెక్క తప్పుతుంది, చదువు తర్వాత రావాల్సిన వర్క్ పర్మిట్‌కే ఎసరొస్తుంది. రెండు తప్పులూ ఒకే చోట నుంచి వస్తున్నాయి. అడ్వైజర్‌ని కలవడం అనే ఆలోచనే రాకపోవడం నుంచి.

ఈ దేశానికి ఈ సమస్య తెలియదని కాదు. 2001లో టొరంటోలోని రీజెంట్ పార్క్‌లో, పేదలుండే పేటలో, పాత్‌వేస్ టు ఎడ్యుకేషన్ అని మొదలుపెట్టారు. హైస్కూలు పిల్లలకి ట్యూషన్, బస్సు టికెట్లు, వెన్నంటి ఉండే మనిషి. అది తర్వాత కెనడాలో చాలా ఊళ్ళకి పాకింది. ఒంటారియో ప్రభుత్వానికి ఫస్ట్ జనరేషన్ విద్యార్థి అంటే ఒక నిర్వచనమే ఉంది: తల్లిదండ్రులు హైస్కూలు తర్వాత ఏ కాలేజీకీ వెళ్ళని వాళ్ళు. అన్నో అక్కో వెళ్ళినా సరే, అది లెక్కలోకి రాదు. నాకు ఈ చివరి ముక్క చాలా నచ్చింది. ఎవరో ఆలోచించి రాశారు. ఈ పిల్లల కోసం బర్సరీ కూడా పెట్టారు. అయితే అది ఇక్కడి పౌరులకి, పర్మనెంట్ రెసిడెంట్లకి, శరణార్థులకి. వినుకొండ కుర్రాడికి ఆ నిర్వచనం అక్షరాలా సరిపోతుంది, బర్సరీ మాత్రం రాదు.

డబ్బు ఇవ్వకపోవడం నాకు అర్థమవుతుంది. పన్నులు కట్టేవాళ్ళ సొమ్ము, ముందు వాళ్ళ పిల్లలకే. కానీ ప్రశ్న అడగడానికి ఖర్చేముంది? ఇక్కడి పిల్లలు కట్టేదానికి కొన్ని రెట్లు ఫీజు తీసుకునేటప్పుడు, అప్లికేషన్లో మీ అమ్మానాన్నా కాలేజీకి వెళ్ళారా అని ఒక గడి పెట్టి, లేదన్నవాళ్ళకి మొదటి సెమిస్టర్లో ఒక సీనియర్‌ని జత చెయ్యొచ్చు. ప్రభుత్వం కూడా ఎంతసేపూ వాకిట్లో లెక్కలే చూస్తోంది. ఖర్చులకి చూపించాల్సిన డబ్బు 10,000 డాలర్ల నుంచి 2024 జనవరిలో 20,635కి, 2025 సెప్టెంబరులో 22,895కి పెంచింది. వచ్చేవాళ్ళ సంఖ్యకి 2024లో పరిమితి పెట్టింది. బయట పని వారానికి 24 గంటలు దాటకూడదంది. వీటిలో కొన్ని అవసరమే కావచ్చు. లోపలికి వచ్చేసినవాడు నిలదొక్కుకుంటున్నాడా అన్నది మాత్రం ఈ లెక్కల్లో ఎక్కడా లేదు.

ఇక మన సంగతి. నాకు అసలు కోపం ఇక్కడే.

కెనడాలో స్థిరపడ్డ తెలుగువాళ్ళం మనం చదువుకున్న జాతిమని గట్టిగా నమ్ముతాం. నాన్న ఇంజనీరు, అమ్మ బ్యాంకు, తాతయ్య హెడ్మాస్టరు. ఉగాది సభలో ముందు వరుసల్లో వీళ్ళుంటారు. కుర్చీలు సర్దేది, ప్లేట్లు అందించేది స్టూడెంట్ పిల్లలు. వాళ్ళలో చాలామంది ఇంట్లో మొదటిసారి కాలేజీ చూసినవాళ్ళు, ఫీజు రీయింబర్స్‌మెంటు వల్ల బీటెక్ దాకా వచ్చినవాళ్ళు, పొలం కాగితాలు తాకట్టు పెట్టి విమానమెక్కినవాళ్ళు. ఒకే హాల్లో రెండు రకాల తెలుగువాళ్ళుంటాం. మధ్యలో జరిగే సంభాషణ ఒక్కటే: "ఏ ఊరు బాబూ? ఇంటిపేరేంటి?" ఇంటిపేరు తర్వాత సాయం వస్తుందో రాదో తేలుతుంది. కాదని ఎవరైనా అంటే వాదించను.

మనకి ఒకప్పుడు వారాలు ఉండేవి. ఊరు కాని ఊళ్ళో చదువుకునే పేద పిల్లవాడికి వారంలో ఏడు రోజులు ఏడిళ్ళలో భోజనం. ఏ ఒక్క ఇంటికీ బరువు కాదు, పిల్లవాడి చదువు సాగుతుంది. టంగుటూరి ప్రకాశం గారి తండ్రి చిన్నప్పుడే పోతే, తల్లి సుబ్బమ్మ గారు ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపారు. ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారనే మాస్టారు ఆ కుర్రాణ్ణి చేరదీసి రాజమండ్రి తీసుకెళ్ళి చదివించారు. మాస్టారిది ఒక కులం, కుర్రాడిది ఒక కులం. అయితే వారాలు మాత్రం ఎక్కువగా ఒక కులం ఇళ్ళలో ఆ కులం పిల్లలకే పెట్టిన అన్నం. 1918లో హైదరాబాదులో వచ్చిన రెడ్డి హాస్టలూ పేరులోనే ఉంది. మంచి పనులే, ఎందరో పల్లెటూరి పిల్లలు పైకొచ్చారు. మా నాన్నలాంటి వాళ్ళ పిల్లలకి తలుపు తెరిచింది మాత్రం ప్రభుత్వ హాస్టళ్ళు. చలానా నింపిన ఆ సీనియర్ నా ఇంటిపేరు అడగలేదు.

ఇప్పుడు ఈ కుర్రాళ్ళకి కావలసింది అన్నం వారాలు కాదు. (అదీ కావాలేమో. ఫోన్లో ఆ "తిన్నానమ్మా" నాకింకా వినపడుతోంది.) తెలిసినవాడు పక్కన కూర్చునే వారాలు కావాలి. ఒంటారియోలో ఓనర్ అద్దె డిపాజిట్టుగా ఒక నెల అద్దెకి మించి అడగకూడదని, కానీ వంటగదో బాత్రూమో ఓనర్‌తో పంచుకుంటుంటే ఆ చట్టం వర్తించదని చెప్పేవాడొకడు. ఎక్కడ ఏ సాయం దొరుకుతుందో తెలియకపోతే 211కి ఫోన్ చెయ్యొచ్చని, రాత్రిపూట మనసు బాగోకపోతే గుడ్‌టుటాక్ అని విద్యార్థుల కోసమే ఒక హెల్ప్‌లైన్ ఉందని చెప్పేవాడొకడు. సంపాదన తక్కువైనా టాక్స్ రిటర్న్ వేస్తే మేలేనని, తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకి ఉచితంగా వేసిపెట్టే క్లినిక్‌లు ఉన్నాయని చెప్పేవాడొకడు. ఇవన్నీ ఒక్కడికే తెలియాల్సిన పని లేదు. ఏడుగురుంటే చాలు.

"పెద్ద పిల్లలు, పాతిక లక్షలు ఖర్చుపెట్టి వచ్చారు, వాళ్ళకి మనం నేర్పేదేంటి" అనేవాళ్ళూ ఉన్నారు. ఆ పాతిక లక్షలు వాళ్ళవి కావు, పొలానివి. పైగా నేను ఇరవయ్యేళ్ళుగా ఇక్కడ ఉండి, మొన్న మా అమ్మాయి యూనివర్సిటీ కాగితాలు వచ్చినప్పుడు నలుగురు స్నేహితులకి ఫోన్ చేశాను. నలుగురూ గంటేసి మాట్లాడారు. మా అమ్మాయికి నలుగురున్నారు, ఆ కుర్రాడికి అరవై వేలడిగే కన్సల్టెన్సీ ఉంది.

నవంబరు నుంచి గురువారం సాయంత్రాలు మా ఇంట్లో కిచెన్ టేబుల్ ఖాళీ చేసి ఉంచుతున్నాం. మా ఆవిడ అకౌంట్స్‌లో పనిచేస్తుంది కాబట్టి పన్నుల సంగతి తనది. వీధి చివర నర్సుగా చేసే ఒక కేరళ ఆవిడ ఇన్సూరెన్స్ కార్డుతో ఏ క్లినిక్‌కి వెళ్ళాలో చెబుతుంది. తెలుగు రాదు, ఎవరికీ ఇబ్బంది కాలేదు. ఇంకా నాలుగు చోట్ల మనుషులు కావాలి. మొదట్లో వినుకొండ కుర్రాడు ఒక్కడే వచ్చేవాడు, వచ్చినా ఒక మూల కూర్చుని, "ఏం లేదు బాబాయ్, ఊరికే" అనేవాడు. పోయిన గురువారం ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకొచ్చాడు. ఒకడి చేతిలో విప్పని టీ4 కవరు ఉంది. వచ్చి నాలుగు రోజులైందట, గవర్నమెంటు కాగితం కదా, ఏం రాసుందోనని భయమేసి విప్పలేదట.

వినుకొండ కుర్రాడు ఆ కవరు వాడి చేతిలోంచి తీసుకుని, టేబుల్ మీద పరిచి, "ఇదిగో, ఈ గడి చూడు ముందు" అన్నాడు.