మేస్త్రీ కనబడని పని

చంద్రశేఖరపురంలో మొన్నొక శుక్రవారం జుమా నమాజు ముగించి బయటికి వస్తుంటే, మా పాత విద్యార్థి ఒకడు మసీదు గోడ పక్కన ఫోను చెవికి ఆనించుకుని కనిపించాడు. లోపలికి రాలేకపోయాడట. "మౌల్వీసాబ్, మీటింగు ఉందని పన్నెండున్నరకు చెప్పారు. ఈ వారంలో ఇది తొమ్మిదోది" అన్నాడు తలవంచుకుని.

అతను సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. మేడమీది గదే ఆఫీసు. అధికారి ఒకరు అమెరికాలో, మరొకరు బెంగళూరులో. సోమవారం ఒకరు అప్పగించిన పనిని చూసి గురువారం రెండోవారు "ఇది చేయమని ఎవరన్నారు?" అంటారు. కాలిఫోర్నియాలో వేసవి ఉదయం తొమ్మిదిన్నర అయితే మనకు రాత్రి పది. వాళ్లకు అనువైన వేళ అదే. మూడు నెలలు శ్రమించి రాసిన ప్రోగ్రాము అక్కర్లేదని తేల్చి, రెండు వారాలపాటు ఆ సంగతి ఇతనికి చెప్పినవారే లేరు. అన్నిటికీ మించి రెండు నెలలుగా జీతం లేదు. ఇంట్లో చెప్పలేక, స్నేహితుడి దగ్గర చేబదులు తెచ్చి అమ్మీ చేతిలో పెడుతున్నాడు.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు హైదరాబాదు, బెంగళూరుల నుంచి పిల్లలు లాప్‌టాపులతో ఇళ్లకు చేరారు. వానలు ముఖం చాటేసే ఈ వెలిగొండ ప్రాంతంలో కన్నబిడ్డ కళ్లముందుండి సంపాదించడం అదృష్టమే. ఊరు దాటి వెళ్లలేని చదువుకున్న ఆడపిల్లలకైతే మరీను. కనుక ఇంటి నుంచి పనిచేయడాన్ని మేము తప్పుపట్టడం లేదు.

తప్పు దూరానిది కాదు. మార్కాపురం పలకల కార్ఖానాలో సాయంత్రానికి ఎన్ని పలకలు తయారయ్యాయో కూలికీ తెలుసు, మేస్త్రీకీ తెలుసు. కంప్యూటరు పని అలా కంటికి ఆనదు. దాన్ని కొలవడం చేతకాని యజమాని, తెర మీద ఉద్యోగి పేరు పక్కన పచ్చచుక్క వెలుగుతోందా లేదా అని చూస్తాడు. ఆ చుక్క ఆరిపోతుందేమోనని మావాడు అన్నం పళ్లెం కంప్యూటరు దగ్గరే పెట్టుకుంటాడు. మౌసును దానంతటదే కదిపే పరికరాలు కూడా బజారులో అమ్ముతున్నారు! 2024లో అమెరికాలోని వెల్స్ ఫార్గో బ్యాంకు, కీబోర్డు పని చేస్తున్నట్టు నటించారని డజనుకు పైగా ఉద్యోగులను తొలగించింది. ఆ నటన మోసమే, సందేహం లేదు. కానీ పనిని వదిలి దీపాన్ని తూచే చోట నటన నేర్పుతున్నదెవరు? తూకంలో దగా ఇచ్చేవాడి వైపు నుంచీ ఉంటుంది, పుచ్చుకునేవాడి వైపు నుంచీ ఉంటుంది.

ఆఫీసే లేకుండా సక్రమంగా నడిచే కంపెనీలూ ఉన్నాయి. గిట్‌ల్యాబ్ అనే సంస్థ తన పద్ధతులన్నీ ఒక పుస్తకంగా రాసి, ఎవరైనా చదువుకునేలా ఇంటర్నెట్‌లో పెట్టింది. 2021 అక్టోబరులో నాస్‌డాక్ షేరు బజారులోకీ వెళ్లింది. రాసుకోవడం మనకు కొత్త సంగతా? దివ్య ఖుర్‌ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయతు, బఖరా సూరాలోని 282వది, అప్పు పత్రం రాసుకోవడం గురించే. రావలసిన జీతమూ అప్పే కదా! అది పాఠంగా చదివిన పిల్లలే "చూసుకుందాం భాయ్" అన్న ఫోను మాట నమ్మి ఉద్యోగంలో చేరుతున్నారు.

2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం నెల జీతం మరుసటి నెల ఏడో తేదీలోగా ముట్టాలి. ఉద్యోగం మానితే రెండు పనిదినాల్లో బాకీ తీర్చాలి. అయితే కాగితం మీద ఉద్యోగిగా కాక కాంట్రాక్టరుగా రాసుకుంటే, అందులోనూ కంపెనీ విదేశానిదైతే, ఈ రక్షణ చేతికందడం కష్టం. మావాడి కాగితంలో ఏముందని అడిగాము. చదవలేదన్నాడు.

కంపెనీకి ఉత్తరం రాయడం తర్వాత, ముందు మీ అబ్బాకు చెప్పు అన్నాము. ఇషా నమాజు తర్వాత మేమూ వెంట వెళ్లాము. ఆయన ముప్పై ఏళ్లుగా తాపీ పని చేస్తున్న మనిషి. అంతా విని కోప్పడలేదు. "మీ మేస్త్రీ ఎవరు బేటా? నేను మాట్లాడతా" అన్నారు.

కుర్రవాడు చాలాసేపు ఆలోచించాడు. ఎవరి పేరు చెప్పాలో అతనికి తోచలేదు.