మనకు నిగ్రహం లేదా?

"హాస్టల్ పిల్లలకు నిగ్రహం ఉండదు" అన్న మాట ఆరో తరగతి నుంచి పీజీ దాకా వింటూనే వచ్చాం. గుడ్డు వడ్డిస్తే ఉన్నపళాన మింగేస్తామట, స్టడీ అవర్లో కుదురుగా కూర్చోమట!

1960ల చివర్లో స్టాన్‌ఫర్డ్‌లో వాల్టర్ మిషెల్ అనే శాస్త్రవేత్త చిన్నపిల్లల ముందు ఒక మిఠాయి పెట్టి, తినకుండా ఆగితే రెండు ఇస్తామన్నాడు. ఆగినవాళ్లే పైకొస్తారని వ్యక్తిత్వ వికాసం క్లాసుల్లో మాకూ చెప్పారు. 2013లో రోచెస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు ప్రచురించిన ప్రయోగం సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. అక్కడ ముందుగా పిల్లలకు మంచి రంగులు, స్టిక్కర్లు తెస్తామన్నారు. కొందరికి తెచ్చారు, కొందరికి తేలేదు. ఆ తర్వాతే మిఠాయి పెట్టారు. మాట తప్పినచోట పిల్లలు సగటున 3 నిమిషాలు ఆగారు. మాట నిలిచినచోట 12 నిమిషాలు! పిల్లలు 28 మందే, చిన్న ప్రయోగమే. అయినా చదువుతుంటే మా కథే అనిపించింది.

జూన్‌లో ఇస్తామన్న నోటు పుస్తకాలు దసరాకి వచ్చేవి. దుప్పట్లు చలి పోయాక వచ్చేవి. అలా పెరిగిన మెదడు చేతికందినదాన్ని వదులుకోదు. అది బుద్ధిలేనితనం కాదు, అనుభవం నేర్పిన లెక్క. పైగా నిగ్రహానికి ఆధారమైన నుదుటి వెనక భాగం ఇరవై దాటాక కూడా ఎదుగుతూనే ఉంటుంది. ఇళ్లల్లో మొదటి డిగ్రీ తెచ్చుకున్న 23 ఏళ్ల మాకే అది పూర్తయిందో లేదో! ఏడో తరగతి తమ్ముణ్ణి తిట్టి ఏం లాభం?

తమ్ముళ్లూ, స్టడీ అవర్లో సెల్‌ఫోన్ ట్రంకుపెట్టెలో పెట్టి తాళంచెవి పక్కవాడికివ్వండి. మేమూ అలాగే చదివాం. పెద్దలకూ ఒక విన్నపం. వచ్చే జూన్‌లో పుస్తకాలు చెప్పిన తేదీకి ఇచ్చి, ఆ తర్వాత ఒక రాత్రి స్టడీ అవర్‌కి వచ్చి చూడండి.