చెఱువుగట్టున ఎఱల అంగడి

మృగశిర కార్తె ప్రవేశించిననాడు చేప తినవలెనను ఆచారము తెలంగాణమున బహుళముగా గలదు. ఆ దినమున మా ఓరుగల్లు ప్రాంతపు చెఱువుగట్లపై జనము తీర్థమునకు వచ్చినట్లు వత్తురు. మా యూరి గట్టుమీద మఱ్ఱిచెట్టు క్రింద ఒక వృద్ధురాలి ఎఱల అంగడి గలదు. తాటాకు పందిరియు, ఒక చెక్కబల్లయు, అంతియే. తడిమన్ను నింపిన డబ్బాలలో వానపాములు, తవుడును పల్లిచెక్కయు కలిపిన పిండిముద్దలు, గాలములు, నైలాను దారము, సీసపు గుండ్లు, బెండ్లు ఆమె సరకు. వేకువనే ఆమె కోడలు ఇండ్ల దొడ్లలో అరటిపాదులు త్రవ్వి వానపాములను ఏఱి తెచ్చును. మా దొడ్డికిని వచ్చుచుండుటచే ఆ కుటుంబముతో నాకు చనువు గలిగినది.

అవ్వకు అక్షరము రాదు. చెఱువు మాత్రము కంఠస్థము. మబ్బుపట్టి గాలి స్తంభించిన మఱునాటి వేకువను చేపలు నోళ్లు పైకెత్తి తిరుగును. అప్పుడవి ఎఱను ముట్టవని చెప్పి, వచ్చినవారిని ప్రొద్దెక్కిన పిమ్మట రమ్మనును. కారణమును మావారు నాకు వివరించిరి. నీటిలోని పచ్చదనము ఎండ యున్నపుడే ప్రాణవాయువును విడుచును. రాత్రివేళ తానును దానినే పీల్చుకొనును. కావున తెల్లవాఱుసరికి నీటిలో అది కొఱవడి చేపలు తల్లడిల్లును. కొఱమేనునకు మాత్రము ఆ బాధ లేదు. అది నీటిపైకి వచ్చి మనవలెనే గాలిని పీల్చుకొనగలదు.

గత ఆషాఢమున మా మఱది హనుమకొండనుండి గాలముతో వచ్చెను. గట్టువార తూడుపొదలచెంత ఎఱ్ఱని చిఱుపిల్లల గుంపొకటి నీటిపై బుడబుడలాడుచుండెను. కొఱమేను లోతు లేనిచోట నాచును తొలగించి గ్రుడ్లు పెట్టును. పిల్లలు పుట్టిన పిదప కొన్ని వారములు వాని క్రిందనే తిరుగుచు కాచును. దాని గుట్టు వేటగాండ్రకు తెలియును. గుంపుపై చిఱుకప్పను ఆడించినచో, ఆకలి లేకున్నను, పిల్లలపైకి వచ్చినదానిని తఱుముటకై అది నోరు తెఱచును. మా మఱది అవ్వను ఎఱ అడిగెను. ఆమె డబ్బాపై మూత పెట్టి, "పిల్లలతోటి ఉన్నదానికి గాలమెయ్యొద్దు బిడ్డా. ఎంతిచ్చినా నేనియ్య" అనెను.

అతడు నవ్వి, తానే కప్పను పట్టుకొని, జాము తిరుగకుండ మూరెడు చేపను ఇంటికి తెచ్చెను. నేను చింతపులుసు పెట్టి వండితిని. అందఱును మెచ్చుకొనిరి, నేనును తింటిని.

మూడవనాడు అవ్వ నన్ను గట్టునకు పిలిచి ఆ తూడుపొదలను చూపెను. ఎఱ్ఱని గుంపు లేదు. ఒకమూల పదియో పండ్రెండో పిల్లలు చెదరి తిరుగుచుండెను. కాచువారు లేని పిల్లలను తక్కిన చేపలును కొంగలును మ్రింగివేసినవట. అవ్వ నన్ను ఒక్కమాటయు అనలేదు. ఇద్దఱు బిడ్డల తల్లినగు నాకు ఆ మౌనమే చాలినది.

దీనిని వట్టి జాలిమాటగా తలపవలదు. బొచ్చెయు రవ్వయు నిలువనీటి చెఱువులలో గ్రుడ్లు పెట్టవు. వానికి ఏటి ప్రవాహము కావలెను. 1957లో హీరాలాల్ చౌదరి, అలికున్హి గార్లు మందు సూదితో వానిచే గ్రుడ్లు పెట్టించు విధమును సాధించిరి. నేడు అట్టి కేంద్రములలో పెంచిన పిల్లలనే తెచ్చి చెఱువులలో విడుచుచున్నారు. ఒక బొచ్చెను తిన్నచో మఱుసటియేడు మఱల విడువవచ్చును. కొఱమేను అట్లు గాదు. అది మన చెఱువులోనే పుట్టి మన చెఱువులోనే పిల్లలను పెంచును. తెలంగాణ ప్రభుత్వము రాష్ట్రపు చేపగా నెన్నుకొన్నదియు దీనినే. తూర్పు సముద్రమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు 61 దినములు మరపడవల వేటకు నిషేధము గలదు. మా చెఱువునకు కాపు అవ్వ మూసిన ఆ డబ్బా మూతయే. వానకాలపు నాలుగు రూపాయలను ఆమె చేజేతుల వదలుకొనుచున్నది.

వేట పురుషులదే యైనను, ఏ చేప పొయ్యి నెక్కవలెనో నిర్ణయించునది మనము. కావున సోదరీమణులారా, వానలు మొదలైన రెండు మూడు నెలలు పెద్ద కొఱమేనును బేరమాడకుడు. కడుపు ఉబ్బి గ్రుడ్లతో నున్నదానిని చూచినచో, వలదని అమ్మువానికి కారణము చెప్పుడు. కొనువారు లేనిచో పట్టువారును తగ్గుదురు. పులుసునకు బొచ్చెయు రవ్వయు చాలును.

ఈయేటి మృగశిరకు మా యింట రవ్వపులుసే. మా మఱదియు వచ్చెను. తిన్నగా అవ్వ అంగడికి పోయి, వానపాముల డబ్బా కొని, తూడుపొదలకు దూరముగా కూర్చుండెను. సాయంకాలమునకు ఒక్క జెల్లపిల్ల దొరకినది. దానిని అవ్వ మనుమనికిచ్చి వచ్చెను.