పికప్ బండిని వెనుక సీటులో కూర్చుని కొనాలి

ఉదయం తోటకు, సాయంత్రం పెళ్లికి ఒకే బండి. ముందు అయిదుగురు మనుషులు, వెనుక తొట్టిలో సరుకు. డబుల్ క్యాబిన్ పికప్ కొనాలనుకునే ప్రతి కుటుంబం ఆశ ఇదే. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో మామిడి తోటలున్న రైతులు, చిన్న కాంట్రాక్టర్లు, పాల వ్యాపారులు ఇలా ఆలోచించడంలో తప్పు లేదు. ఇంటికి కారొకటి, పనికి సరుకుల బండొకటి పోషించడం అందరి తరమూ కాదు.

చిక్కంతా ఎంపికలోనే వుంది. ఇంటి పెద్ద ఒక్కడే షోరూముకు వెళతాడు. డ్రైవరు సీటులో కూర్చుంటాడు. బానెట్ ఎత్తు చూసి మురిసిపోతాడు. అడ్వాన్సు కట్టి వచ్చేస్తాడు. ఆ బండిలో రోజూ వెనుక కూర్చోవలసిన తల్లినీ, భార్యనీ, పిల్లలనూ అడిగేవారు లేరు. లక్షలు పోసిన తరువాత నెల తిరగకుండానే "ఈ బండిలో మేము రాము, బస్సులో వస్తాము" అని ఆడవారు అనే పరిస్థితి రాకూడదంటే కొనే పద్ధతి మారాలి. కుటుంబానికి కొనే పికప్‌ను వెనుక సీటులో కూర్చుని చూసి కొనాలి.

పాత బండ్లు, కొత్త బండ్లు

పికప్ ఈ దేశానికి కొత్త కాదు. 1988లో టాటా మొబైల్ వచ్చింది. తరువాత టాటా జెనాన్, మహీంద్రా స్కార్పియో గెట్‌అవే వచ్చి, కొన్నాళ్లు నడిచి, అంగడి నుంచి తప్పుకున్నాయి. 2016 ఏప్రిల్‌లో శ్రీసిటీలో ఇసుజు కర్మాగారం ప్రారంభమైంది. అప్పుడు చిత్తూరు జిల్లాలో వున్న ఆ ప్రాంతం 2022 నుంచి తిరుపతి జిల్లాలో వుంది. అక్కడ తయారైన డి-మాక్స్ వి-క్రాస్ 2016లో షోరూము ధర పన్నెండున్నర లక్షల ప్రాంతంలో వచ్చింది. 2022లో టయోటా సంస్థ హైలక్స్‌ను దాదాపు 34 లక్షల ధరతో దింపింది. మరో వైపు పల్లెల్లో అందరూ ఎరిగిన బొలెరో క్యాంపర్ వుంది. అందులోనూ అయిదుగురు కూర్చోవచ్చు. కాని అది మొదట సరుకుల బండి, ఆ తరువాతే మనుషుల బండి.

వీటన్నింటినీ జనం "పికప్" అనే ఒక్క పేరుతో పిలుస్తారు. పేరు ఒకటే అయినా స్వభావాలు వేరు. ఆ తేడా తెలియకుండా కొనడమే సగం కష్టాలకు మూలం.

కుదుపు ఎందుకు వస్తుంది?

ఇక్కడ దొరికే పికప్ బండ్లకు వెనుక ఇరుసు మీద లారీకి వున్నట్టే కమాన్ కట్టలు వుంటాయి. బరువు పడ్డప్పుడు ఒంగాలి, బరువు దిగగానే లేవాలి. ఇదే కమాను పని. తొట్టి నిండా సరుకు వుంటే బండి మెత్తగా పోతుంది. తొట్టి ఖాళీగా వుంటే కమాను ఒంగదు. గతుకు వచ్చినప్పుడల్లా వెనుక భాగం ఎగిరి పడుతుంది. ఆ దెబ్బ మొదట తగిలేది ఇరుసుకు దగ్గరగా కూర్చున్న వెనుక సీటు వారికి. ముందు చక్రాలకు విడివిడిగా కాయిల్ స్ప్రింగులు వుంటాయి గనుక డ్రైవరుకు ఆ బాధ అంతగా తెలియదు. బండి నడిపేవాడు "ఎంత హాయిగా వుందో" అంటుంటే వెనుక కూర్చున్న ముసలామె నడుము పట్టుకుని మూలగడంలోని రహస్యం ఇదే.

మోయవలసిన బరువు పెరిగే కొద్దీ కమాను గట్టిపడుతుంది. టన్ను మోసేందుకు కట్టిన బండిలో కుటుంబ ప్రయాణం హాయిగా వుండాలంటే అది జరిగే పని కాదు. ఈ లోపాన్ని దిద్దడం ఇంజనీర్లకు చేతకాని పనేమీ కాదు. అమెరికాలో అమ్మే హోండా రిడ్జ్‌లైన్ పికప్‌కు కారుకు వలెనే వెనుక చక్రాలకు కూడా విడివిడి స్ప్రింగుల ఏర్పాటు వుంది. అక్కడి తెలుగు కుటుంబాలు అలాంటి బండిలో పిల్లలను బడికి దింపుతుంటే వినేవారికి ఇక్కడా అదే హాయి దొరుకుతుందనిపించవచ్చు. కాని ఆ బండి ఈ దేశంలో అమ్మకానికి లేదు. అమెరికా బంధువు మాట విని ఇక్కడి బండి కొంటే ఆశ ఒకటి, అనుభవం మరొకటి అవుతుంది.

కుదుపును కొంత తగ్గించుకునే ఉపాయం లేకపోలేదు. డ్రైవరు తలుపు దగ్గర అంటించిన పట్టికలో ఖాళీ బండికి ఎంత గాలి, నిండు బండికి ఎంత గాలి అని రాసి వుంటుంది. సరుకు వేసిన రోజు కొట్టించిన గాలితోనే నెలంతా ఖాళీగా తిప్పితే కుదుపు రెట్టింపవుతుంది. వర్షంలో టైరు పట్టు కూడా తగ్గుతుంది. ఖాళీ పికప్‌కు వెనుక బరువు తక్కువ. తడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేస్తే వెనుక భాగం పక్కకు జారే ప్రమాదం వుంది. ఘాట్ రోడ్డు ఎక్కే కుటుంబాలు ఈ విషయం మరువరాదు. బండి జారకుండా కాపాడే ఎలక్ట్రానిక్ ఏర్పాటు వున్న రకానికి మరికొంత చెల్లించినా ఆ సొమ్ము వృథా కాదు.

నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే ఫోర్ వీల్ డ్రైవ్ సంగతి అలా కాదు. బురద తోవలు, ఇసుక వాగులు దాటేవారికి అది అక్కరకు వస్తుంది. రోజూ తారు రోడ్డు మీదే తిరిగేవారికి అది అలంకారమే. అవసరాన్ని బట్టి వేసుకునే రకం ఫోర్ వీల్‌ను పొడి తారు రోడ్డు మీద వేసి నడిపితే టైర్లు, గేర్లు దెబ్బతింటాయి కూడా.

పరీక్ష ఎలా చేయాలి?

షోరూము వారు బండిని నున్నటి రోడ్డు మీద పది నిమిషాలు తిప్పి చూపుతారు. దానితో తృప్తి పడకూడదు. ఇంట్లో అందరికంటె పెద్దవారిని, అందరికంటె పొడుగైనవారిని వెంట తీసుకుపోవాలి. తొట్టి ఖాళీగా వుంచి, వారిని వెనుక కూర్చోబెట్టి, స్పీడు బ్రేకర్లున్న వీధిలో, గతుకుల రోడ్డులో అరగంటైనా తిప్పించాలి. కొనేవాడు కూడా డ్రైవింగు మరొకరికి అప్పగించి వెనుకకు మారాలి.

అప్పుడు కొన్ని సంగతులు బయటపడతాయి. వెనుక సీటుకు ఆనుకునే క్యాబిన్ గోడ వుంటుంది గనుక చాలా పికప్‌లలో వీపు ఆనించే పలక నిటారుగా వుంటుంది. సీటు కింద జాగా తక్కువైతే మోకాళ్లు పైకి లేచి తొడలకు ఆనిక వుండదు. గంట ప్రయాణానికి ఇది తెలియదు. మదనపల్లె నుంచి మద్రాసు పోయేవారికి తెలుస్తుంది. బండి ఎత్తు కాబట్టి చీర కట్టుకున్న వృద్ధురాలు ఎక్కేందుకు ఫుట్‌బోర్డు, పట్టుకునేందుకు పిడి వున్నాయో లేవో చూడాలి. వెనుక వారికి ఏసీ గాలి అందుతుందా, ముగ్గురికీ భుజం మీదుగా వచ్చే సీటు బెల్టులు, తల ఆనించే దిండ్లు వున్నాయా అన్నది కూడా చూడాలి. వెనుక సీటు వారికి సైతం బెల్టు తప్పనిసరి అని మోటారు వాహనాల నిబంధనలు చెబుతున్నాయి. 2019 సవరణ తరువాత బెల్టు పెట్టుకోకపోతే వెయ్యి రూపాయల జరిమానా వుంది.

ఇంటికి తిరిగి వచ్చాక టేపు తీసుకుని వాకిలి కొలవాలి. వి-క్రాస్, హైలక్స్ రెండూ అయిదు మీటర్ల ముప్పయి సెంటీమీటర్ల ప్రాంతంలో పొడవుంటాయి. ఇన్నోవా క్రిస్టా పొడవు నాలుగు మీటర్ల డెబ్బయి మూడు సెంటీమీటర్లు. బొలెరో నాలుగు మీటర్ల లోపు. ఇన్నోవా పట్టే షెడ్డులో పికప్ తోక బయట మిగలవచ్చు. పాత తిరుపతి సందుల్లో మలుపు తిప్పేందుకు రెండు మూడు సార్లు ముందుకూ వెనుకకూ నడపవలసి రావచ్చు. ఇరవై ఏళ్లుగా మారని వీధి కొత్త బండి కోసం వెడల్పు కాదు.

తొట్టి లెక్క

తొట్టి పెద్దదిగా కనిపించినంత మాత్రాన దానిలో పట్టినంతా వేయవచ్చుననుకోవడం మరొక పొరపాటు. ఆర్.సి.లో నిండు బరువు, ఖాళీ బరువు రెండూ రాసి వుంటాయి. ఆ రెంటి తేడాలోనే మనుషులూ సరుకూ అంతా ఇమడాలి. ఉదాహరణకు ఆ తేడా అయిదు వందల కిలోలు అనుకుంటే, అరవై అయిదు కిలోల చొప్పున అయిదుగురు కూర్చోగానే 325 కిలోలు పోయాయి. మిగిలింది 175 కిలోలు. అంటే యాభై కిలోల బస్తాలు మూడు వేసి ఆపాలి. "ముందు అయిదుగురు, వెనుక పది బస్తాలు" అన్న ఆశ ఈ లెక్క ముందు నిలవదు. కొన్ని కుటుంబ రకాల్లో మోయదగిన బరువు ఇంతకంటె తక్కువ కూడా వుంటుంది. కొనేముందు ఆర్.సి. నమూనా చూసి ఈ తీసివేత చేసుకోవడానికి అయిదు నిమిషాలు చాలు.

కాగితాల సంగతి

బండి రిజిస్ట్రేషను వైట్ బోర్డా, ఎల్లో బోర్డా అన్నది ముందే తేల్చుకోవాలి. సొంత వాడకానికి వైట్ బోర్డు తీసుకుంటే రిజిస్ట్రేషను పదిహేనేళ్లు చెల్లుతుంది. కాని ఆ బండిలో పక్కింటివారి టమోటాలు కిరాయికి వేస్తే నిబంధన తప్పినట్టే. ఎల్లో బోర్డు తీసుకుంటే మొదటి ఎనిమిదేళ్లు రెండేళ్లకొకసారి, ఆపైన ఏడాదికొకసారి ఫిట్‌నెస్ చేయించాలి. ఇన్సూరెన్సు పాలసీలో ఎందరు మనుషులకు రక్షణ వుందో చదువుకోవాలి. పాలసీ కాగితం ప్రమాదం జరిగిన తరువాత చదివేది కాదు.

అన్నింటికంటె పెద్ద మాట ఒకటి వుంది. తొట్టి మనుషులు కూర్చునే చోటు కాదు. పెళ్లికో, తిరునాళ్లకో పోతూ క్యాబిన్ నిండగానే మిగిలిన బంధువులను తొట్టిలో ఎక్కించడం పల్లెల్లో తప్పుగా తోచదు. అక్కడ సీటు లేదు, బెల్టు లేదు, నెత్తిన కప్పు లేదు. బండి పల్టీ కొడితే మొదట బయట పడేది వారే. సరుకుల బండిలో ఊరకే ఎక్కించుకున్న ప్రయాణికులు చనిపోయినా, గాయపడినా బీమా కంపెనీకి బాధ్యత లేదని 2002లో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. సరుకు యజమానికి లేదా అతని ప్రతినిధికి మాత్రమే చట్టంలో చోటు వుంది. అంటే ప్రాణం పోయిన ఇంటికి పరిహారం బండి యజమాని ఆస్తి నుంచే రావాలి. బంధువును మొహమాటంతో ఎక్కించుకున్న పాపానికి రెండు కుటుంబాలు వీధిన పడతాయి. డబుల్ క్యాబిన్ కొన్నవారు సీట్లు ఎన్నో మనుషులు అంతే అన్న నియమం మొదటి రోజే పెట్టుకోవాలి.

ఎవరికి తగును?

ఏడాదిలో తొట్టి ఎన్ని రోజులు నిండుతుంది? ఈ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పుకోవాలి. వారానికి మూడు నాలుగు రోజులు ఎరువులు, డ్రిప్పు పైపులు, పాల క్యాన్లు మోసేవారికి, తోవ సరిగా లేని తోటలకు పోయేవారికి పికప్ నిజంగా పనికి వస్తుంది. వారు కూడా బరువు బండిని కాక, కుటుంబం కోసం మెత్తబరిచిన రకాన్నే చూడాలి. మామిడి కోత కాలంలో పది పదిహేను రోజులు మాత్రమే సరుకు వుండేవారికి అది తగదు. వారు సాధారణ కారు ఒకటి కొనుక్కుని, ఆ పదిహేను రోజులకు టాటా ఏస్‌నో, బొలెరో పికప్‌నో కిరాయికి పిలుచుకుంటే డబ్బూ మిగులుతుంది, నడుమూ మిగులుతుంది. తక్కిన మూడు వందల యాభై రోజులు ఖాళీ తొట్టిని డీజిలు పోసి ఊరంతా ఊరేగించడంలో గొప్ప ఏమీ లేదు.

షోరూముల వారికి కూడా కొంత బాధ్యత వుంది. మోయదగిన బరువు, రిజిస్ట్రేషను రకం, తొట్టిలో మనుషులను ఎక్కించరాదన్న హెచ్చరిక తెలుగులో పెద్ద అక్షరాలతో గోడ మీద రాసి పెడితే వ్యాపారం పడిపోదు. రవాణా శాఖ వారు పెళ్లిళ్ల సీజనులో జరిమానా వేసి పంపేయడంతో సరిపెట్టకుండా, కొత్త బండి రిజిస్ట్రేషనుకు వచ్చిన రోజే యజమానికి నాలుగు మాటలు చెప్పి పంపాలి. ఇక కొనేవారు చేయవలసింది ఒక్కటే. అడ్వాన్సు కట్టే ముందు ఇంట్లో వెనుక సీటు ఎవరిదో వారి అంగీకారం తీసుకోవాలి. వారు వద్దంటే ఆ బండి ఎంత గొప్పదైనా ఆ ఇంటికి తగినది కాదు.