పచ్చికపై చల్లేది ఏమిటో ప్రజలకు చెప్పవలెను

కొత్తవలస నుండి కిరండూల్ వరకు సాగే రైలుమార్గం 1960వ దశకంలో బైలదిల్లా ఇనుప ఖనిజం కొరకు వేయబడినది. ఆ మార్గం పుణ్యమా అని జగదల్‌పూర్, దంతెవాడ, బచేలి, కిరండూల్ పట్టణాలలో ఎన్నో తెలుగు కుటుంబాలు ఉద్యోగరీత్యా స్థిరపడినవి. ఆ పట్టణాల కాలనీ పార్కులలో పచ్చికపై చల్లే మందుల గురించి వ్రాయబూనినందుకు పాఠకులలో కొందరు ఆశ్చర్యపడవచ్చును. కరువు భత్యం, పెన్షను, ఖాళీల భర్తీ వంటి సమస్యలు ఇన్ని ఉండగా గడ్డి ముచ్చట ఎందుకని అడగవచ్చును. ఆ గడ్డిమీదనే మన పిల్లలు ఆడుకుంటారు, పదవీ విరమణ చేసిన పెద్దలు సాయంత్రం కూర్చుంటారు. ఆ మందు డబ్బాను వీపున మోసేవాడు కూడా కార్మికుడే.

బస్తర్‌లో వానలు దండిగా కురుస్తాయి. కలుపు మోకాలెత్తున పెరుగుతుంది. కాంట్రాక్టరు మనిషి వీపున స్ప్రేయరు తగిలించుకొని వచ్చి చల్లిపోతాడు. అది కలుపు మందా, చెదల మందా, దోమల మందా అని అడిగితే ‘దవాయి’ అంటాడు. అతనికి చెప్పినది అంతే. గంట తిరగకుండా పిల్లలు బంతితో దిగుతారు. ఏ మందు, ఎంత మోతాదు, ఎన్ని గంటలు అటు వెళ్ళరాదు అని తెలిపే అట్టముక్క అయినా గేటుకు కట్టి ఉండదు.

చట్టం లేక కాదు. 1968 నాటి పురుగుమందుల చట్టం, 1971 నాటి నియమావళి మనకున్నవి. విషతీవ్రతను బట్టి డబ్బాపై ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ త్రికోణాలలో ఒకటి ముద్రించవలెను. ఎరుపు అత్యంత విషపూరితమని గుర్తు. కాని ఆ త్రికోణం డబ్బాపై ఉంటుంది, డబ్బా గోడౌనులో ఉంటుంది, పార్కుకు వచ్చేవారికి కనిపించేది గడ్డి మాత్రమే. ఆ నియమావళిలోనే 43వ నియమం విమానం ద్వారా మందు చల్లేవారు 24 గంటలు ముందుగా ప్రజలకు తెలియజేయవలెనని, పనితో సంబంధం లేని మనుషులను, పశువులను నిర్ణీత కాలం ఆ స్థలంలోకి రానీయరాదని స్పష్టంగా చెప్పుచున్నది. ఆకాశం నుండి పడితే ముందస్తు నోటీసు, మనిషి వీపు మీది నుండి పడితే మౌనం! ఈ తేడాకు కారణం మాకు బోధపడుట లేదు.

మలేరియా మందు సంగతి చూడండి. బస్తర్‌లో మలేరియా ఎంతమందిని పొట్టన పెట్టుకొన్నదో అక్కడ పనిచేసిన వారికి తెలియును. దోమల నిర్మూలనకు మేము వ్యతిరేకులము కాము. ఇండ్లలో పిచికారీ చేసే ఆరోగ్య సిబ్బంది ముందుగా గ్రామానికి కబురు పంపవలెను, పని ముగిసిన తరువాత మందు పేరు, తేదీ గోడమీద గుర్తు వేయవలెను. మారుమూల గూడెంలోని మట్టిగోడకు దక్కిన ఈ మర్యాద పట్టణంలోని పార్కు గేటుకు దక్కకపోవడం వింత కాదా?

ఇది మర్యాదతో ముగిసే విషయమూ కాదు. గడ్డిలో ఆడిన బిడ్డకు వాంతులైతే డాక్టరు మొదట అడిగేది ఏ మందు తగిలినదని. ఆర్గానోఫాస్ఫరస్ రకమైతే అట్రోపిన్ పనిచేయును. పారాక్వాట్ కడుపులోకి పోయినచో దానికి విరుగుడే లేదు. పైగా అవసరం లేని ప్రాణవాయువు ఇచ్చినచో ఊపిరితిత్తులకు హాని పెరుగును. కిరండూల్ నుండి జగదల్‌పూర్ పెద్దాసుపత్రికి చేరేసరికే గంటలు గడుచును. అక్కడ కూర్చొని మందు పేరు కొరకు కాంట్రాక్టరుకు ఫోన్లు చేయవలెనా?

బస్తర్‌కు ప్రత్యేకమైన మరొక విషయమున్నది. మనకు కలుపుగా కనిపించే చరోటా మొక్క లేత ఆకును అక్కడివారు వానాకాలంలో కూరగా వండుకుంటారు. ఖాళీ స్థలాలలో, దారుల అంచులలో ఆకు కోసుకొనే స్త్రీకి నిన్న అక్కడ ఏమి చల్లారో ఎవరు చెబుతారు? శంఖిని నదిలో ఖనిజపు ఎరుపు కంటికి కనిపించినది గనుక జనం గొంతెత్తగలిగారు. చల్లిన మందు ఆరిన తరువాత ఆకుపై దాని జాడ కంటికి కనబడదు.

భోపాల్ దుర్ఘటన 1984 డిసెంబరులో జరిగినది. అది పురుగుమందుల కర్మాగారమే. ఆ రాత్రి తాము పీల్చుతున్నది ఏమిటో జనానికి తెలియదు. ఆ తరువాతనే, 1987లో, ఫ్యాక్టరీల చట్టంలో 41-బి సెక్షను చేర్చి, ప్రమాదకర ప్రక్రియల వివరాలను కార్మికులకు, పరిసర ప్రజలకు వెల్లడించుట తప్పనిసరి చేశారు. అంత మూల్యం చెల్లించి సాధించిన హక్కు ఫ్యాక్టరీ ప్రహరీగోడ దగ్గర ఆగిపోయినది. అక్కడ తయారైన సరకు గోడ దాటి మన పార్కులకు వచ్చినది గాని, హక్కు దాని వెంట రాలేదు.

గ్లైఫోసేట్ అనే కలుపు మందు మనుషులలో కేన్సరు కలిగించే అవకాశం హెచ్చని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సరు పరిశోధనా విభాగం ప్రకటించినది. దానితో ఏకీభవించని ప్రభుత్వ సంస్థలూ ఉన్నవి. మన కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో దానిని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల ద్వారా తప్ప వాడరాదని ఆజ్ఞాపించినది. శాస్త్రజ్ఞుల వాదం తేలునప్పుడు తేలుగాక, మందు పేరు చెప్పడానికి ఆ వాదం తేలనక్కరలేదు. కాలిఫోర్నియాలో పాఠశాల మైదానాలలో ఇదే మందు చల్లిన డ్వేన్ జాన్సన్ అనే కార్మికుని దావాలో 2018లో జ్యూరీ ఆయన పక్షాన నిలిచినది. తగిన హెచ్చరిక చేయలేదన్నది కంపెనీపై రుజువైన ఆరోపణలలో ఒకటి. కెనడాలో హడ్సన్ అనే చిన్న పట్టణం 1991లో పచ్చికపై మందుల వాడకాన్ని కట్టడి చేయగా కంపెనీలు కోర్టుకెక్కినవి. 2001లో ఆ దేశపు సుప్రీంకోర్టు పట్టణం పక్షాన తీర్పునిచ్చినది. మేము నిషేధం దాకా పోవుట లేదు. పట్టాల మధ్య కలుపు పేరుకుంటే బలాస్టులో నీరు నిలిచి మార్గం పాడగునని రైల్వేవారికి ఒకరు చెప్పనక్కరలేదు.

బోర్డు పెడితే ప్రజలు అనవసరంగా భయపడతారని అధికారులు సెలవిస్తారు. నిజమే, కొందరు భయపడతారు. ఆ రోజు పిల్లలను పార్కుకు పంపరు. బోర్డు ఉద్దేశమే అది.

సమాచార హక్కు చట్టం ఉన్నది కదా అనేవారున్నారు. ఆ చట్టం కింద జవాబుకు 30 రోజుల గడువు. ఆలోగా కొత్త గడ్డి మొలచి, రెండవ విడత చల్లడం కూడా ముగుస్తుంది. అదే 2005 చట్టంలోని 4వ సెక్షను ఎవరూ అడగకముందే సమాచారం ప్రకటించవలసిన బాధ్యతను ప్రభుత్వ సంస్థలపై ఉంచినది. మేము పట్టుకొనవలసినది దానిని.

కావున మందు చల్లడానికి 24 గంటల ముందు పార్కు గేటువద్ద, స్టేషనులో, తపాలా కార్యాలయంలో నోటీసు ఉండవలెను. అందులో మందు పేరు, త్రికోణం రంగు, తేదీ, ఎప్పటివరకు లోనికి రారాదు, బాధ్యుడైన అధికారి ఎవరు అన్నవి హిందీలోను, హల్బీలోను వ్రాయవలెను. చదువురాని వారికై కోత్వారు చేత దండోరా వేయించవలెను. చల్లే కార్మికునికి తొడుగులు, ముసుగు ఇవ్వడంతోపాటు ఆ నోటీసును అతని భాషలో చదివి వినిపించవలెను. అతడు మన యూనియను సభ్యుడు కాకపోవచ్చును, కాంట్రాక్టు మనిషే కావచ్చును. అయినను ఈ డిమాండులో మొదటి హక్కుదారు అతడే.

బస్తర్ ప్రాంతంలోని శాఖలు వానలు మొదలు కాకముందే సమావేశమై ఈ మేరకు తీర్మానించి, ప్రతులను స్టేషన్ మేనేజరుకు, పోస్టుమాస్టరుకు, జగదల్‌పూర్‌లో మునిసిపల్ కమిషనరుకు, తక్కిన పట్టణాలలో పురపాలక అధికారులకు అందజేసి రసీదు తీసుకొనవలెనని కోరుతున్నాము. జూన్ నుండి ఏ పార్కులో ఏ రోజున చల్లారో, బోర్డు ఉన్నదో లేదో ఒక పుస్తకంలో వ్రాసి ఉంచండి. అక్టోబరులో ఆ వివరాలు మాకు చేరితే ఈ పుటలలోనే ప్రచురిస్తాము.