కషాయం దారి వేరు, ధూళి దారి వేరు

"ఊపిరితిత్తుల్లోకి పోయిన దుమ్మును కడిగివేసే కషాయం ఏదైనా చెప్పండి" అని చీరాలలో నన్ను అడిగేవారు చాలామంది. గుంటూరు, ప్రకాశం మైదానాలకు పత్తి, మిరప జీవనాధారాలు గనుక ఈ ప్రశ్న సహజమే. నా సమాధానం మాత్రం ఒక్కటే: అటువంటి కషాయం లేదు.

కారణం శరీర నిర్మాణంలోనే ఉన్నది. త్రాగినది అన్నవాహికలో దిగుతుంది. పీల్చినది వాయునాళంలో దిగుతుంది. ఓషధి గుణం రక్తం ద్వారా ఊపిరితిత్తులకు చేరవచ్చునే గాని, అక్కడ పేరుకొన్న ధూళిని కడిగి తేలేదు.

ఆ పని చేయడానికి ప్రకృతి వేరొక ఏర్పాటు చేసింది. విశ్రాంతిలో ఉన్న పెద్దలు నిమిషానికి 12 నుండి 20 సార్లు, ప్రతిసారీ సుమారు అర లీటరు గాలి పీలుస్తారు. ముక్కు ఆ గాలిని వెచ్చబరచి, తడిపి, ముతక ధూళిని ఆపుతుంది. శ్వాసనాళాలలోని శ్లేష్మం మిగిలిన ధూళిని అంటించుకొనగా, శైలికలనే సూక్ష్మ రోమాలు దానిని గొంతు వైపునకు నెట్టుతాయి. కనుక మితంగా ఉన్న శ్లేష్మం శత్రువు కాదు, కావలివాడు. అయితే మిల్లీమీటరులో 200వ వంతుకన్న చిన్న రేణువులు ఈ కాపలాను దాటి, ప్రాణవాయువు రక్తంలో కలిసే వాయుగోణుల వరకు పోగలవు.

ఇటలీ వైద్యుడు రామజ్జిని 1700లో వెలువరించిన వృత్తి వ్యాధుల గ్రంథంలోనే నారను దువ్వేవారి దగ్గు, ఆయాసాలను వర్ణించాడు. పత్తి దుమ్ము వలన కలిగే వ్యాధిని నేడు బిస్సినోసిస్ అంటారు. వారాంతపు సెలవు ముగిసి పనిలోకి వెళ్ళిన మొదటి రోజున ఛాతీ బిగుసుకొనిపోవడం దాని తొలి లక్షణం. ఏళ్ళ తరబడి ఉపేక్షిస్తే ఆ ఆయాసం శాశ్వతమవుతుంది. మిరప ఘాటు సంగతి వేరు. అది శ్వాసమార్గపు నాడులను రెచ్చగొట్టి దగ్గు తెప్పిస్తుంది. ఉబ్బసం ఉన్నవారికి మరింత బాధ కలిగిస్తుంది.

చరకుడు శ్వాసరోగ హేతువులలో ధూళిని, పొగను పేర్కొన్నాడు. రోగకారణాన్ని విడనాడుటే సంగ్రహంగా చికిత్స అన్నాడు సుశ్రుతుడు. మన శాస్త్రంలో తొలి ఔషధం నిదాన పరివర్జనమే.

కనుక గృహిణులు మిరపకాయలు దంచేటప్పుడు, వేయించేటప్పుడు కిటికీలు తెరవాలి. ఉబ్బసం ఉన్న పిల్లలను దూరంగా ఉంచాలి. కొంగు ముతక దుమ్మును కొంత ఆపుతుంది గాని సన్నని ధూళిని ఆపలేదు. పత్తి పనిలో ఉన్నవారికి ముఖానికి బిగువుగా అమరే మాస్కు కావాలి. అంతకుముందే పనిచోట దుమ్మును లాగివేసే యంత్రాలను అమర్చడం యజమానుల ధర్మం.

అల్లం, తులసి కషాయం గొంతుకు హాయినిస్తుంది; నిరభ్యంతరంగా త్రాగండి. కాని దానిని నమ్ముకొని వైద్యుడు ఇచ్చిన ఇన్‌హేలరును మానకండి. ఆ మందు ధూళి వెళ్ళిన దారినే వెళ్ళి పనిచేస్తుంది. పెదవులు నీలిబారినా, మాట పూర్తిచేయలేనంత ఆయాసం వచ్చినా వంటింటి వైపు కాదు, ఆసుపత్రి వైపు నడవండి. ఆయుర్వేద వైద్యుడిగానే ఈ మాట చెబుతున్నాను.