వెనకొచ్చిన కొమ్ములకు చోటేదీ?

ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు పెద్దలు. ఇంటర్నెట్ చర్చావేదికల్లో మాత్రం ముందొచ్చిన చెవులే పైన కూర్చుంటున్నాయి. కొమ్ములు ఎక్కడో అడుగున పడి ఉంటున్నాయి.

ఇది మాకు అనుభవమైన సంగతే. మా గదిలోని తమ్ముడొకడు స్కాలర్‌షిప్ రెన్యువల్ రోజుల్లో ఒక విద్యార్థుల వేదికలో, "పాత ఆదాయ ధ్రువపత్రం సరిపోతుందా?" అని అడిగాడు. ఐదు నిమిషాల్లో ఎవరో "సరిపోతుంది బ్రో" అన్నారు. దానికి లైకుల మీద లైకులు. రాత్రి పొద్దుపోయాక మరొకరు, పత్రం మీద తేదీ చూసుకోమని, గడువు తీరితే కొత్తది తీసుకోవాల్సిందేనని వివరంగా రాశారు. దానికి రెండే లైకులు. మావాడు పైదే నమ్మాడు. దరఖాస్తు తిరిగొచ్చింది. వారం రోజుల క్లాసులు, ఇంటినుంచి పంపిన డబ్బులు తహశీల్దారు కార్యాలయం చుట్టూ తిరగడానికే సరిపోయాయి. ఇంట్లో అడగడానికి చదువుకున్నవాళ్లు లేని మనలాంటివాళ్లకు ఈ వేదికలే పెద్దన్నలు. అక్కడ తప్పు మాట పైకొస్తే నష్టపోయేది మనమే.

లైకుల లెక్క నాణ్యతకు కొలత కాదని పరిశోధనలే తేల్చాయి. 2006లో సాల్గానిక్, డాడ్స్, వాట్స్ అనే ముగ్గురు పరిశోధకులు 48 పాటలను 14 వేలమందికి పైగా శ్రోతల ముందుంచారు. కొందరిని ఎనిమిది గుంపులు చేసి, ఏ గుంపుకు ఆ గుంపులో జరిగిన డౌన్‌లోడ్ల లెక్క చూపించారు. మరీ మంచి పాట అట్టడుక్కి పోవడం అరుదే. కానీ మధ్యరకం పాట ఒక గుంపులో పైకెక్కితే, మరో గుంపులో కిందపడింది. 2013లో మరో పరిశోధన లక్షకు పైగా వ్యాఖ్యల మీద జరిగింది. కొన్ని వ్యాఖ్యలకు మంచీ చెడూ చూడకుండా మొదట్లోనే ఒక్క మెచ్చుకోలు ఓటు వేసి వదిలేశారు. చివరికి వాటి మార్కులు సగటున 25 శాతం పెరిగాయి. ఒక్క ఓటుకే అంత మహిమ!

"ఎక్కువమంది మెచ్చింది పైకి రావడమే కదా ప్రజాస్వామ్యం?" అని కొందరు మిత్రులు వాదిస్తారు. మన ఎన్నికలనే చూడండి. ఓటు రహస్యం. పోలింగ్ ముగిసేదాకా లెక్కింపు ఉండదు. ఎగ్జిట్ పోల్ ఫలితాలు కూడా ప్రకటించకూడదు. ఎందుకు? ముందు వేసినవాళ్ల లెక్క చూసి వెనకవాళ్లు వేయకూడదనే. వేదికల్లో జరుగుతున్నది సరిగ్గా అదే.

అందుకే మొదటి కొన్ని గంటలు ఓట్ల లెక్క దాచిపెట్టాలి. జవాబులను ఒక్కొక్కరికి ఒక్కో వరుసలో చూపాలి. రెడిట్‌లో ఈ రెండు సదుపాయాలూ ఉన్నాయి. వాటిని వాడుకోవడమే తక్కువ.

రెండోది, లెక్కించే పద్ధతి మారాలి. ఒక జవాబుకు 60 మెచ్చుకోళ్లు, 40 తిరస్కారాలు వచ్చాయనుకుందాం. ఆలస్యంగా వచ్చిన మరోదానికి 10 మెచ్చుకోళ్లే, తిరస్కారం ఒక్కటీ లేదు. తీసివేతల లెక్కలో మొదటిదానికి 20, రెండోదానికి 10. కాబట్టి మొదటిదే పైన. 1927లో ఎడ్విన్ విల్సన్ ఇచ్చిన సూత్రం ఓట్ల నిష్పత్తిని, ఓట్ల సంఖ్య ఎంత నమ్మదగిందన్నదాన్ని కలిపి చూస్తుంది. ఆ లెక్కన మొదటిదానికి సుమారు 50 శాతం, రెండోదానికి 72 శాతం. కొమ్ములు పైకొస్తాయి! రెడిట్ 2009లో వ్యాఖ్యలకు ఈ పద్ధతి తెచ్చింది.

మూడోది, పాతబడిన జవాబుకు శాశ్వత సింహాసనం ఉండకూడదు. స్టాక్ ఓవర్‌ఫ్లోలో ప్రశ్న అడిగినవారు ఒప్పుకున్న జవాబే ఏళ్ల తరబడి పైన ఉండేది. 2021లో ఆ పద్ధతి తీసేశారు. స్కాలర్‌షిప్ నిబంధనల వంటివి మారుతూ ఉంటాయి. నిరుటి నిజం ఈ ఏడు తప్పు కావచ్చు.

అయితే సూత్రాలతోనే అంతా అయిపోదు. సాఫ్ట్‌వేర్ రంగంలో స్థిరపడిన మన పూర్వ విద్యార్థి అన్నలకు, అక్కలకు ఒక విన్నపం. మీరు తయారుచేసే వేదికల్లో ఆలస్యంగా వచ్చిన మాటకూ ఒక తలుపు తెరిచి ఉంచండి. జవాబు రాస్తే ఏ సంవత్సరపు సంగతో రాయండి. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! అడుగుదాకా చదవండి. పని జరిగినవాళ్లు తిరిగి వెళ్లి ఏ జవాబు పనికొచ్చిందో చెప్పండి.

మన హాస్టల్‌లోనూ ఈ జబ్బు లేకపోలేదు. మీటింగుల్లో ముందు సీనియర్లం మాట్లాడతాం, మా మాటకే చేతులు లేస్తాయి. మాతో సహా. ఇకనుంచి పేర్లు లేని చీటీలు రాసి, లాటరీలా తీసి, అన్నీ చదివాకే చేతులెత్తుదామన్నది మా ప్రతిపాదన. తమ మాటకు చోటివ్వని పత్రికల కాలంలో అంబేద్కర్ 1920లో 'మూక్‌నాయక్' పెట్టారు. నోరు లేనివాళ్లకు నాయకుడని ఆ పేరు. ఆ బాటలో చదువుకుంటున్న మనం, చివరి బెంచీలోంచి లేచే గొంతు వినకపోతే ఎలా?